డీజే స్టెంట్‌తో ఇంటికి వచ్చారా? తీసేదాకా ఏం చేయాలి, తీశాక ఏం చూసుకోవాలి

కిడ్నీ రాయికి ఆపరేషన్ అయి, లోపల స్టెంట్ పెట్టించుకుని ఇంటికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. మూత్రం ఎర్రగా వస్తోంది, ప్రమాదమా? మూత్రానికి వెళ్లినప్పుడల్లా డొక్కలో పొడుస్తోంది, ఆపరేషన్ సరిగ్గా జరగలేదా? ఇప్పుడు నొప్పేమీ లేదు, స్టెంట్ ఇంకొన్నాళ్లు ఉంచుకోవచ్చా?

మొదటి రెండూ చాలావరకు కంగారు పడాల్సినవి కావు. కంగారు పడాల్సింది మూడోదానికే. అందుకే ఈ గైడ్‌లో నొప్పి గురించి ఎంత చెప్పానో, తేదీ గురించి అంతకంటే ఎక్కువే చెప్పాను.

డీజే స్టెంట్ అంటే రెండు చివర్లా చుట్ట తిరిగి ఉండే మెత్తటి గొట్టం. పెద్దవాళ్లకు వేసేది సాధారణంగా 24 నుంచి 28 సెంటీమీటర్ల పొడవు, సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పై చుట్ట కిడ్నీలో, కింది చుట్ట మూత్రాశయంలో ఉంటాయి. మధ్యభాగం ఆ రెండింటినీ కలిపే మూత్రనాళంలో ఉంటుంది. రాయి తీశాక నాళం వాచి మూసుకుపోయినా, చిన్న ముక్కలు అడ్డం పడినా మూత్రం కిందికి దిగేలా ఇది దారి ఉంచుతుంది. అంతకుముందు వాడిన నిటారు గొట్టాలు జారిపోతుండేవి. అలా జారకుండా పట్టి ఉంచడానికే 1978లో ఈ రెండు చుట్టల రూపం తీసుకొచ్చారు.

ఇక్కడ రాసింది రాయి ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులో, కొద్ది వారాలో ఉంచడానికి స్టెంట్ వేసిన పెద్దవాళ్ల కోసం. గర్భిణులకు, పిల్లలకు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు, ఒకటే కిడ్నీ ఉన్నవాళ్లకు, క్యాన్సర్ వల్ల నాళం నొక్కుకుపోయి స్టెంట్ వేసినవాళ్లకు లెక్కలు వేరు. వాళ్లు తమ డాక్టర్ చెప్పిందే పాటించాలి.

ఆపరేషన్ ఇంకా కాలేదా? అయితే ఒక మాట ముందే అడగండి: "నాకు స్టెంట్ తప్పనిసరా?" చిక్కులేవీ లేకుండా యురెటెరోస్కోపీ (మూత్రనాళంలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి రాయి తీసే ఆపరేషన్) పూర్తయితే స్టెంట్ వేయకుండానే పంపవచ్చని యూరాలజీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నాళానికి గాయమైనా, వాపు బాగా ఉన్నా, నాళం సన్నబడి ఉన్నా, రాతి ముక్కలు మిగిలినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా మాత్రం వేయాల్సిందే. ఆ నిర్ణయం లోపల చూశాకే తేలుతుంది కాబట్టి ముందే మాట ఇమ్మని పట్టుబట్టకండి. అడిగితే చాలు, అవసరం లేకపోతే వేయకూడదన్న ఆలోచన డాక్టర్ మనసులో ఉంటుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

డిశ్చార్జి సమ్మరీ, దానికి ఒక ఫొటో కాపీ. డిజిటల్ థర్మామీటర్. కొలత గీతలున్న ఒక లీటరు మగ్గు లేదా పాత సీసా. డాక్టర్ రాసిన మందులు, ముఖ్యంగా నొప్పిమాత్రలు. రాత్రిపూట కూడా ఎత్తే ఆసుపత్రి ఫోన్ నంబరు. ఫోన్‌లో క్యాలెండర్. మీతోపాటు ఇంకొకరు, అంటే మీ స్టెంట్ తీయాల్సిన తేదీ తెలిసిన మనిషి. ఈ చివరిది మర్చిపోకండి.

1. ఆసుపత్రి గుమ్మం దాటకముందే తేదీ రాయించుకోండి

"రెండు వారాలయ్యాక రండి" అంటే సరిపోదు. ఫలానా నెల, ఫలానా తారీఖు అని కాగితం మీద ఉండాలి. డిశ్చార్జి సమ్మరీలో ఈ నాలుగూ ఉన్నాయో లేదో నిలబడి చదువుకోండి: స్టెంట్ వేసిన తేదీ, ఏ వైపు వేశారు, తీయాల్సిన తేదీ, దారం ఉందా లేదా (దారం సంగతి 7వ అంశంలో ఉంది). ఒకటి లేకపోయినా అక్కడే రాయించుకోండి.

ఏ వైపు అన్నది అడగమనడానికి కారణం ఉంది. రెండు వైపులా రాళ్లున్నవాళ్లకు కొన్నిసార్లు రెండు స్టెంట్లు వేస్తారు. ఒకటి తీయించుకుని, పని అయిపోయిందనుకుని వెళ్లిపోయేవాళ్లున్నారు. ఎన్ని వేశారో, ఎన్ని తీశారో రెండూ కాగితం మీద రాసి ఉండాలి.

రాయి పూర్తిగా తీసేసి, నాళం వాపు తగ్గడానికి మాత్రమే వేసిన స్టెంట్‌ని చాలాసార్లు కొద్ది రోజుల నుంచి రెండు వారాల లోపే తీస్తారు. రెండో విడత ఆపరేషన్ ఉంటే ఇంకొన్ని వారాలు ఉంచవచ్చు. మామూలు స్టెంట్లకు సాధారణంగా 3 నెలలే గరిష్ఠ గడువు. ఎక్కువ కాలం ఉంచే ప్రత్యేకమైన రకాలు ఉన్నాయి, కానీ మీకు వేసింది అదే అని ఊహించుకోకండి.

గడువు దాటితే ఏమవుతుంది? మూత్రంలో ఉండే ఉప్పులు గొట్టం మీద పేరుకుంటాయి. రాళ్లు తయారయ్యే ఒంటితత్వం ఉన్నవాళ్లకు ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. పాలియురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన స్టెంట్ల మీద 1991లో వెలువడిన ఒక అధ్యయనంలో, 6 వారాల లోపు తీసిన స్టెంట్లలో 9.2 శాతం వాటి మీదే ఉప్పు పేరుకుంది. 6 నుంచి 12 వారాల మధ్య తీసినవాటిలో అది 47.5 శాతానికి, 12 వారాలు దాటినవాటిలో 76.3 శాతానికి పెరిగింది. పేరుకున్న ప్రతి స్టెంటూ ఇరుక్కుపోదు. కానీ బాగా పేరుకున్న స్టెంట్‌ని ఐదు నిమిషాల్లో లాగేయడం కుదరదు, పైచుట్ట మీద ఒక రాయి, కిందిచుట్ట మీద ఇంకో రాయి కట్టి ఉంటాయి. వాటిని పగలగొట్టడానికి ఒకటికి రెండు ఆపరేషన్లు పడతాయి, కొందరికి కిడ్నీయే పనిచేయకుండా పోతుంది. ఇదంతా ఏ నొప్పీ లేకుండా జరిగిపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఉంచుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు అనేది అందుకే.

ఇంటికి రాగానే ఫోన్‌లో రెండు అలారాలు పెట్టండి: తేదీకి వారం ముందు ఒకటి, ముందురోజు ఒకటి. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టించండి. ఆసుపత్రివాళ్లే ఫోన్ చేస్తారని ఎదురుచూడకండి.

2. మామూలుగా ఉండే బాధలేవో తెలుసుకోండి

స్టెంట్ ఉన్నవాళ్లలో దాదాపు 80 శాతం దాకా ఏదో ఒక బాధ పడతారు. కాబట్టి కింద చెప్పినవి మీకు ఉంటే ఆపరేషన్ చెడిందని అర్థం కాదు.

మాటిమాటికీ మూత్రం రావడం, వచ్చిందంటే ఆపుకోలేకపోవడం మొదటివి. మూత్రాశయంలో ఉన్న చుట్ట లోపలి గోడకు తగులుతూ ఉండటమే దానికి కారణం. చివర్లో మంట, పోసినా ఇంకా మిగిలిందన్న భావన, పొత్తికడుపులో లాగినట్టుండటం కూడా అక్కడినుంచే.

డొక్కలో పోటు వేరే విధంగా వస్తుంది. మామూలుగా మూత్రాశయం ముడుచుకున్నప్పుడు మూత్రం పైకి వెళ్లకుండా నాళం చివర ఒక కవాటం లాంటి అమరిక అడ్డుకుంటుంది. స్టెంట్ ఉంటే ఆ దారి తెరిచే ఉంటుంది కాబట్టి కొంత మూత్రం వెనక్కి కిడ్నీ వైపు ఎగదన్నుతుంది. మూత్రం పోస్తున్నంతసేపూ పొడిచి, అయిపోయాక తగ్గే నొప్పి ఇదే. ముక్కితే ఇది పెరుగుతుంది. మూత్రాశయం నిండేదాకా బిగబట్టకుండా, రెండు మూడు గంటలకోసారి వెళ్లండి. మగవాళ్లయినా కొన్నాళ్లు కూర్చుని, ఒత్తిడి పెట్టకుండా, దానంతట అది వచ్చేలా వదిలేయండి. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే నొప్పి బాగా తగ్గుతుంది.

మలబద్ధకం ఉంటే ఈ బాధలన్నీ ఎక్కువవుతాయి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే కొన్ని బలమైన నొప్పిమందులు మలబద్ధకం తెస్తాయి కూడా. సిగ్గుపడకుండా విరేచనం సాఫీగా అయ్యే మందు అడగండి.

3. మూత్రం రంగు చూడటం నేర్చుకోండి

కమోడ్‌లోని నీళ్లలో పడిన మూత్రాన్ని చూసి భయపడేవాళ్లే ఎక్కువ. రెండు చుక్కల రక్తం కలిసినా నీళ్లన్నీ ఎర్రగా కనిపిస్తాయి. అలా కాకుండా పారదర్శకమైన గ్లాసులోకి కొద్దిగా పట్టి, వెనక అచ్చు అక్షరాలున్న తెల్ల కాగితం పెట్టి, వెలుతురులో చూడండి. ఆ అక్షరాలు మూత్రం గుండా చదవగలిగితే, రంగు లేత గులాబీ అయినా, పలచటి ఎరుపు అయినా ప్రమాదం లేదు. నీళ్లు తాగి, కాసేపు కూర్చుని, తర్వాతిసారి మళ్లీ చూడండి.

స్టెంట్ ఉన్నంతకాలం రక్తం వస్తూ పోతూ ఉంటుంది. నాలుగు రోజులు తేటగా వచ్చి, ఐదోరోజు మెట్లెక్కి దిగగానే మళ్లీ ఎరుపు కనిపించవచ్చు. కదలికకు గొట్టం లోపల రాపిడి పెడుతుంది, అంతే. పనితో పెరిగి, విశ్రాంతితో తగ్గే రక్తం స్టెంట్ వల్ల వచ్చేది.

అక్షరాలు కనిపించనంత చిక్కగా, ముదురు ఎరుపులో వస్తూ, నీళ్లు తాగినా విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే, లేదా గడ్డలు గడ్డలుగా పడుతుంటే ఫోన్ చేయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఎరుపు చూసి వాటిని సొంతంగా ఆపేయకూడదు. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు అలా ఆపితే అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

4. నీళ్లు కొలిచి తాగండి, కాదు, మూత్రాన్ని కొలవండి

"ఎక్కువ నీళ్లు తాగండి" అని అందరూ చెబుతారు, ఎంత అన్నది ఎవరూ చెప్పరు. ఒంట్లోంచి చెమటగా ఎంత పోతుందో మనిషిని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. అందుకే తాగిన గ్లాసుల కంటే బయటికి వచ్చిన మూత్రాన్ని లెక్కపెట్టడం నయం. రోజు మొత్తంలో 2 నుంచి 2.5 లీటర్ల మూత్రం రావాలి. ఒకరోజు ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని వదిలేసి, అక్కడినుంచి మర్నాడు ఉదయం మొదటి మూత్రం దాకా అంతా మగ్గుతో కొలిచి రాసుకోండి. ఒక్కరోజు కొలిస్తే మీకు ఎన్ని గ్లాసులు కావాలో తెలిసిపోతుంది.

నీళ్లను రోజంతా పరచండి. ఒకేసారి లీటరు తాగితే మూత్రాశయం ఒక్కసారిగా నిండి బాధ పెరుగుతుంది. పడుకోవడానికి రెండు గంటల ముందు తగ్గించండి, లేకపోతే స్టెంట్‌తో రాత్రంతా నిద్ర ఉండదు. కాఫీ, టీ, కోలా వంటివి మూత్రాశయాన్ని రెచ్చగొడతాయి. మీకు అవి తాగాక బాధ పెరుగుతోందని తేలితే ఈ కొద్దిరోజులూ తగ్గించండి.

గుండె సరిగా కొట్టనివాళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ఈ లెక్కను పాటించకూడదు.

5. మందులు: ఏది ఎందుకో తెలిసి వేసుకోండి

స్టెంట్ బాధలకు సాధారణంగా మూడు రకాల మందులు రాస్తారు. టామ్సులోసిన్, ఆల్ఫుజోసిన్, సిలోడోసిన్ వంటివి నాళం కిందిభాగంలోని కండరాన్ని సడలిస్తాయి. సోలిఫెనాసిన్ వంటివి, మిరాబెగ్రాన్ అనే మందు మూత్రాశయం తొందరను తగ్గిస్తాయి. మూడోవి నొప్పిమాత్రలు. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి, కొన్నిసార్లు రెండూ కలిపి ఇస్తారు. కాబట్టి మొదటి మాత్ర పనిచేయలేదని ఊరుకోకండి, మళ్లీ అడగండి.

జాగ్రత్తలు ఇవి. టామ్సులోసిన్ కుటుంబం మందులతో లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు, రాత్రిపూట మంచం దిగేటప్పుడు ముందు ఒక నిమిషం కూర్చోండి. కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకోబోతుంటే ఈ మందు వాడుతున్నట్టు కంటి డాక్టర్‌కి చెప్పాలి, కంటిపాప సర్జరీలో సహకరించకపోవచ్చు. సోలిఫెనాసిన్‌తో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు, మూత్రం సరిగా దిగనివాళ్లు ముందే చెప్పాలి. బీపీ ఎక్కువ ఉన్నవాళ్లకు మిరాబెగ్రాన్ సరిపడకపోవచ్చు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలను సొంతంగా కొనుక్కుని వేసుకోకూడదు.

"టామ్సులోసిన్ పనిచేయదని పరిశోధనలో తేలిందట కదా, మరి ఎందుకు రాశారు?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ మాట వచ్చింది 2015లో వెలువడిన బ్రిటన్ ట్రయల్ నుంచి. అందులో నాళంలో రాయి ఉన్న 1,167 మందిని మూడు గుంపులుగా చేసి టామ్సులోసిన్, నిఫెడిపిన్, ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నాలుగు వారాల్లో ఇంకో చికిత్స అవసరం పడనివాళ్లు మూడు గుంపుల్లోనూ 80 శాతం దగ్గరే ఉన్నారు. మంచి పరిశోధన అది. కానీ వాళ్లు అడిగిన ప్రశ్న: ఈ మాత్ర రాయిని దానంతట అది పడిపోయేలా చేస్తుందా? స్టెంట్ నొప్పిని తగ్గిస్తుందా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే ట్రయల్స్ ఉన్నాయి, వాటిని కలిపి చూసిన విశ్లేషణల్లో ఈ కుటుంబం మందులు స్టెంట్ బాధలను తగ్గిస్తున్నట్టు కనిపించింది. ఏ పరిశోధన వార్త చదివినా ముందు రెండే చూడండి: ఎవరికి ఇచ్చారు, ఏం కొలిచారు. ఈ రెండూ మీ పరిస్థితికి కలవకపోతే ఆ ఫలితం మీది కాదు.

6. యూరిన్ రిపోర్టు చూసి యాంటీబయాటిక్ కొనకండి

స్టెంట్ ఉన్నప్పుడు మామూలు మూత్ర పరీక్ష చేయిస్తే రక్తకణాలు, చీముకణాలు దాదాపు ఎప్పుడూ కనిపిస్తాయి. లోపల ఒక వస్తువు ఉన్నందుకు శరీరం చూపించే స్పందన అది. జ్వరం, చలి లేకుండా, రిపోర్టులో చీముకణాలు ఎక్కువ ఉన్నాయని మాత్రమే యాంటీబయాటిక్ మొదలుపెడితే ఇన్‌ఫెక్షన్ ఏమీ తగ్గదు, అసలు లేదు కాబట్టి. మందుకు లొంగని క్రిములు మాత్రం మిగులుతాయి, రేపు స్టెంట్ తీసేటప్పుడు అవే సమస్య అవుతాయి.

నిజంగా ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉంటే యూరిన్ కల్చర్ (మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) చేయించాలి, అది కూడా యాంటీబయాటిక్ మొదటి డోసు వేసుకోకముందే.

7. దారం ఉన్న స్టెంట్ అయితే

కొందరికి స్టెంట్ చివర సన్నటి దారం కట్టి, మూత్రమార్గం నుంచి బయటికి తెచ్చి, చర్మానికి టేపుతో అతికిస్తారు. దాన్ని తీయడానికి కెమెరా గొట్టం అక్కర్లేదు, అదే దీని సౌకర్యం. పొరపాటున ఊడొచ్చే ప్రమాదం కూడా అందులోనే ఉంది.

స్నానం చేశాక అక్కడ తువాలుతో రుద్దకండి, అద్దండి. లోదుస్తులు మార్చేటప్పుడు దారం చిక్కుకోలేదని చూసుకోండి. టేపు తడిసి వదులైతే పాతది ఊడదీయకుండా దాని మీదే కొత్తది అతికించండి. దారం ఉన్నన్నాళ్లు దాంపత్యం వద్దు. దారం పొడవు పెరిగినట్టు అనిపించినా, మూత్రం ఆగకుండా చుక్కచుక్కగా కారుతున్నా స్టెంట్ కిందికి జారి ఉండవచ్చు. దాన్ని మళ్లీ లోపలికి నెట్టడానికి ప్రయత్నించకండి. పూర్తిగా బయటికి వచ్చేస్తే గొట్టాన్ని పారేయకుండా ఒక కవరులో పెట్టి ఆసుపత్రికి ఫోన్ చేయండి. తీయాల్సిన సమయం దగ్గరపడి, నొప్పీ జ్వరం లేకపోతే మళ్లీ వేయకుండా వదిలేయవచ్చు. అది డాక్టరే తేల్చాలి.

ఇంట్లోనే తీసుకోమని చెప్పి, ఎలాగో చూపించి పంపితే తప్ప మీ అంతట మీరు దారం లాగకండి.

8. పని, ప్రయాణం, దాంపత్యం

మామూలు నడక, ఇంటిపని, ఆఫీసు పని చేసుకోవచ్చు. బరువులెత్తడం, పరుగు, గెంతడం వల్ల స్టెంట్ విరగదు కానీ రక్తం, నొప్పి పెరుగుతాయి, కాబట్టి ఒంటికి పట్టినంతవరకే. దారం లేకపోతే దాంపత్యానికి అడ్డులేదు. కొంత ఇబ్బంది ఉండటం మామూలే. దూర ప్రయాణం చేయాల్సి వస్తే తీసే తేదీకి తిరిగి రాగలిగితేనే బయలుదేరండి, డిశ్చార్జి సమ్మరీ వెంట ఉంచుకోండి. ఎమ్మారై చేయించాల్సి వస్తే స్టెంట్ ఉందని ముందే చెప్పండి.

9. ఇవి కనిపిస్తే ఆగకండి

38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, ముఖ్యంగా వణుకుతో. మాత్ర వేసినా తగ్గని డొక్కనొప్పి. మందులు నిలవనంత వాంతులు. మూత్రం అసలు రాకపోవడం. గడ్డలు పడుతూ ముదురు రక్తం. ఇంతకుముందు లేకుండా ఒక్కసారిగా మూత్రం ఆగకుండా కారడం. మనిషి మగతగా, అయోమయంగా ఉండటం.

వణుకుతో జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకండి. స్టెంట్ మూసుకుపోయి, దాని వెనక క్రిములున్న మూత్రం నిలిచిపోతే ఆ ఇన్‌ఫెక్షన్ గంటల్లో రక్తంలోకి పాకుతుంది. ఆ రాత్రికి పారాసెటమాల్ వేసుకుని తెల్లారాక చూద్దామనుకోవద్దు. మాత్రకు జ్వరం దిగినా సరే వెళ్లండి. వెళ్లగానే చెప్పాల్సిన మొదటి మాట "నాకు కిడ్నీలో స్టెంట్ ఉంది" అన్నది. అక్కడి డ్యూటీ డాక్టర్‌కి మీ గురించి తెలియకపోవచ్చు, ఈ ఒక్క మాటతో పరీక్షల వరస మారిపోతుంది.

10. తీయించుకునే రోజు

పెద్దవాళ్లలో చాలామందికి మత్తు అక్కర్లేదు. మూత్రమార్గంలో తిమ్మిరెక్కించే జెల్లీ వేసి, సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయంలోకి వెళ్లి, చిన్న పట్టకారుతో కింది చుట్టను పట్టుకుని లాగుతారు. కొద్ది నిమిషాల పని. ఆ సమయంలో ఊపిరి బిగబడితే కండరం బిగుసుకుని నొప్పి ఎక్కువవుతుంది. కాలి వేళ్లు కదిలిస్తూ, మెల్లగా ఊపిరి వదలండి.

ముందు చెప్పాల్సినవి: జ్వరం ఉందా, మూత్రంలో కొత్తగా మంట పెరిగిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఏ మందైనా పడదా, గర్భం ఉండే అవకాశం ఉందా. జ్వరం ఉంటే ఆ రోజుకు వాయిదా వేస్తారు. అలా వాయిదా పడితే కొత్త తేదీ చేతికి తీసుకోకుండా తిరిగి రాకండి. మర్చిపోయిన స్టెంట్లలో కొన్ని సరిగ్గా ఇక్కడే తప్పిపోతాయి.

తీశాక గొట్టాన్ని చూపించమని అడగండి. రెండు చివర్లా చుట్ట ఉండాలి. ఒక చివర చుట్ట లేకుండా తెగినట్టుంటే ముక్క లోపల ఉండిపోయిందేమో ఎక్స్‌రే తీయించాలి. "స్టెంట్ తీశాం" అని తేదీతో, వైపుతో రాసిచ్చిన కాగితం తీసుకోండి.

11. తీశాక

మొదటి ఒకటి రెండు రోజులు మూత్రంలో మంట, కొద్దిగా రక్తం ఉంటాయి. కొందరికి కొద్ది గంటల తర్వాత పాత రాయి నొప్పిలాంటిదే డొక్కలో గట్టిగా వస్తుంది. ఇంకో రాయి వచ్చిందని హడలిపోతారు. నాళం తాత్కాలికంగా వాచి బిగుసుకోవడం వల్ల వచ్చే నొప్పి అది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. డాక్టర్ ఒప్పుకుంటే ఆ రోజు నొప్పిమాత్ర ముందే వేసుకోండి, నొప్పి ముదిరాక వేసుకునేదానికంటే బాగా పనిచేస్తుంది. రెండు రోజులు దాటినా తగ్గకపోతే, లేదా జ్వరం తోడైతే 9వ అంశం చూడండి.

ఇక చాలామంది ఎగ్గొట్టే పని: 4 నుంచి 6 వారాలకు ఒక అల్ట్రాసౌండ్. నాళం మచ్చకట్టి సన్నబడితే కిడ్నీ లోలోపల ఉబ్బిపోతుంది, అది కొందరిలో ఏ నొప్పీ లేకుండా జరుగుతుంది. స్కానింగ్‌లో కిడ్నీ ఉబ్బలేదు, ముక్కలు మిగల్లేదు అని తేలాకే ఆపరేషన్ పూర్తయినట్టు. రాయిని పరీక్షకు పంపారా, ఆ రిపోర్టు ఏమైందని కూడా అప్పుడే అడగండి.

నీళ్ల అలవాటు మాత్రం ఆపకండి. మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్లు గమనించి 1996లో వెలువరించిన ఒక ట్రయల్‌లో, నీళ్లు బాగా తాగినవాళ్లలో 12.1 శాతం మందికి మళ్లీ రాయి వస్తే, మామూలుగా తాగినవాళ్లలో 27 శాతం మందికి వచ్చింది.

తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటే

ఎన్ని నెలలైనా సరే ఈరోజే ఫోన్ చేయండి. తిడతారని మొహమాటపడి ఇంకో నెల గడపకండి. వేసిన ఆసుపత్రే అయి ఉండాల్సిన పనిలేదు, ఏ యూరాలజిస్టు అయినా చూస్తారు. ఆలస్యమైన స్టెంట్‌ని నేరుగా లాగరు. ముందు ఎక్స్‌రే లేదా సీటీ తీసి ఎంత పేరుకుందో, ఎక్కడ పేరుకుందో చూస్తారు. మీరే ముందుగా "ఇది ఇన్ని నెలల కిందటిది, లాగే ముందు ఫిల్మ్ తీయించారా?" అని అడగండి. పేరుకున్న గొట్టాన్ని బలంగా లాగితే నాళం చినిగిపోవచ్చు, గొట్టమే తెగిపోవచ్చు.

స్టెంట్ అసలు ఉందో లేదో గుర్తులేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పొట్టకు ఒక మామూలు ఎక్స్‌రే తీయిస్తే చాలా స్టెంట్లు అందులో కనిపిస్తాయి.

పరిశోధనలో చేరమని అడిగితే

బోధనాసుపత్రుల్లో స్టెంట్ మందుల మీద, కొత్తరకం స్టెంట్ల మీద ట్రయల్స్ జరుగుతుంటాయి. మిమ్మల్ని అడగడం మామూలే. నా అభిప్రాయం అడిగితే, సమాధానాలు సరిగ్గా వస్తే చేరడం మంచి పనే, ఈ గైడ్‌లోని సలహాల్లో చాలా అలా చేరిన రోగుల వల్లే తెలిశాయి. సంతకం పెట్టేముందు ఇవి అడగండి: నాకు ఏం ఇవ్వబోతున్నారు, ఉత్తుత్తి మాత్ర వచ్చే అవకాశం ఉందా, ఉంటే నొప్పి భరించలేనప్పుడు ఏ మందు వాడుకోవచ్చు? ఈ ట్రయల్ కోసం స్టెంట్ తీసే తేదీ మారుతుందా? అదనంగా ఎన్నిసార్లు రావాలి, కెమెరా గొట్టం పరీక్షలు ఏమైనా ఎక్కువ చేస్తారా? నాకేదైనా హాని జరిగితే చికిత్స ఎవరి బాధ్యత? మధ్యలో మానేస్తే నా మామూలు వైద్యం ఏమాత్రం తగ్గదు కదా? ఎథిక్స్ కమిటీ (రోగుల భద్రత, హక్కులు చూసే కమిటీ) అనుమతి ఉందా? చివరి రెండింటికీ "అవును" తప్ప వేరే జవాబు ఉండకూడదు.

చేరాక మీ చేతికి వచ్చేది ఎక్కువగా ప్రశ్నల కాగితమే. స్టెంట్ బాధలను కొలవడానికి 2003లో ప్రత్యేకంగా ఒక ప్రశ్నావళి తయారుచేశారు, మూత్రం ఇబ్బందులు, ఒంటినొప్పి, ఆరోగ్యం, పని, దాంపత్యం, ఇతర సమస్యలు అని ఆరు భాగాలుంటాయి. దాన్ని నింపేటప్పుడు డాక్టర్ నొచ్చుకుంటారని బాధను తగ్గించి రాయకండి, ఇంట్లోవాళ్ల చేత రాయించకండి, దాంపత్యం భాగం ఖాళీగా వదలకండి. ఇబ్బందిగా ఉంటే కాగితం ఇంటికి తీసుకెళ్లి ఒంటరిగా కూర్చుని నింపుతానని చెప్పండి. స్టెంట్ తీశాక అదే కాగితం మళ్లీ ఇస్తారు. అప్పటికి ఒళ్లు తేలికపడి, ఇక ఎందుకులే అనిపిస్తుంది. కానీ దాంతో పోలిస్తేనే స్టెంట్ ఉన్నప్పటి బాధ ఎంతో తేలేది, కాబట్టి అదీ నింపి ఇవ్వండి.